నాలుగు సిలిండర్ల కారు ఇంజనుకు వేరే క్రాంకు: ఒక సమీక్ష

నాలుగు సిలిండర్లు వరుసగా ఉండే ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ ఆకారం వందేళ్లకు పైగా దాదాపు ఒకేలా ఉంది. ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ కలిసి పైకి వస్తాయి. అదే సమయంలో రెండోది, మూడోది కిందికి దిగుతాయి. క్రాంకు పిన్నులు నాలుగూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి దీనికి ఫ్లాట్ ప్లేన్ క్రాంకు అని పేరు. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో ఉన్నదీ, 2014 దాకా తయారై మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్‌లో ఉన్నదీ, శ్రీసిటీలో ఇసుజు బిగిస్తున్న పికప్ బండ్లలో ఉన్నదీ ఇదే అమరిక. ఈ ఆకారాన్ని మార్చి, పిన్నులను 90 డిగ్రీల తేడాతో రెండు తలాల్లో పెడితే కారు ఇంజను మెరుగవుతుందా అన్నది ఇరవై ఏళ్లుగా ఇంజను మార్పుల మీద ఆసక్తి ఉన్నవాళ్ల మధ్య నలుగుతున్న ప్రశ్న. ఈ చర్చలో మోటారు సైకిళ్ల అనుభవం, వీ8 ఇంజన్ల చరిత్ర, పందేల ఫలితాలు, చెవికి ఇంపైన శబ్దం అన్నీ కలగలిసిపోయాయి. ఏది దేనికి సాక్ష్యమో విడదీయకపోతే ప్రశ్న ముందుకు కదలదు.

మామూలు క్రాంకులో ఉన్న లోటు

ఫ్లాట్ ప్లేన్ క్రాంకుకు పెద్ద గుణం క్రమబద్ధత. ప్రతి 180 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. 1-3-4-2 వరుస సాగిపోతూనే ఉంటుంది. రెండు పిస్టన్లు పైకి, రెండు కిందికి పోతున్నందున క్రాంకు ఒక చుట్టుకు ఒకసారి వచ్చే ప్రాథమిక జడత్వ బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. షాఫ్టు రెండు సగాలూ అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి కాబట్టి ఇంజనును ముందుకూ వెనక్కూ ఊపే మెలి కూడా ఉండదు.

మిగిలేది ద్వితీయ బలం. కనెక్టింగ్ రాడ్డుకు పరిమితమైన పొడవు ఉండటం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో కొంత నెమ్మదిగా కదులుతుంది. ఆ తేడా నుంచి చుట్టుకు రెండుసార్లు వచ్చే ఒక కుదుపు పుడుతుంది. నాలుగు పిస్టన్ల విషయంలో ఈ కుదుపులు ఒకే దిశలో కలుస్తాయి. 86 మిల్లీమీటర్ల బోరు, అంతే స్ట్రోకు, 143 మిల్లీమీటర్ల రాడ్డు, పిస్టన్‌తో పాటు పైకీ కిందికీ ఆడే బరువు సిలిండర్‌కు అరకిలో ఉన్న రెండు లీటర్ల ఇంజను తీసుకుంటే, నిమిషానికి 6,000 చుట్ల దగ్గర ఈ కుదుపు సుమారు 10,200 న్యూటన్లు. అంటే ఒక టన్ను బరువంత బలం సెకనుకు 200 సార్లు ఇంజనును పైకీ కిందికీ లాగుతుంది. పిస్టన్ బరువు, స్ట్రోకు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. చిన్న ఇంజన్లలో దీన్ని మౌంటింగు రబ్బర్లే మింగేస్తాయి. రెండు లీటర్లు దాటితే స్టీరింగులో, గేరు రాడ్డులో తెలుస్తుంది.

రెండో లోటు తక్కువగా చర్చకు వస్తుంది, కానీ అంతకంటే ఆసక్తికరమైనది. నాలుగు పిస్టన్లూ ఒకేసారి ఆగి, ఒకేసారి వేగం అందుకుంటాయి. వేగం అందుకునేటప్పుడు క్రాంకు నుంచి శక్తిని లాక్కుంటాయి, ఆగేటప్పుడు తిరిగి ఇస్తాయి. అందువల్ల మంట వల్ల వచ్చే టార్కుతో పాటు జడత్వం వల్ల వచ్చే మరో టార్కు షాఫ్టు మీద ఆడుతుంది. పందెం ఇంజన్ల వేగాల్లో ఈ జడత్వ టార్కు మంట టార్కును కప్పేసేంత పెద్దదవుతుంది.

తొలి పరిష్కారం: క్రాంకును ముట్టుకోకుండా

ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్దం తొలి పదిహేనేళ్లలోనే ద్వితీయ బలానికి మందు కనిపెట్టాడు. క్రాంకుకు రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు బరువు షాఫ్టులు పెడితే ఆ కుదుపు రద్దవుతుంది. 1970ల మధ్యలో మిత్సుబిషి ఈ ఆలోచనను మెరుగుపరిచి, రెండు షాఫ్టులనూ ఎత్తుపల్లాల్లో అమర్చి, సైలెంట్ షాఫ్ట్ పేరుతో కార్లలోకి తెచ్చింది. పోర్షే తన 944 కారులోని రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు అదే పద్ధతిని లైసెన్సు తీసుకుని వాడింది. ఈనాటి పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్లు చాలావరకు నడుస్తున్నది ఈ దారిలోనే.

ఈ దారిని సమర్థించేవారి తర్కం సూటిగా ఉంటుంది. మంటల వరుస సమానంగానే ఉంటుంది, క్యామ్ షాఫ్టు, మానిఫోల్డు, ఇగ్నిషన్ ఏవీ మారవు, మిగిలిపోయిన ఒక్క లోటునూ రెండు షాఫ్టులు తీరుస్తాయి. అయితే ఆ షాఫ్టుల్లో రాపిడి ఉంది, బరువు ఉంది. పైగా క్రాంకు మీది జడత్వ టార్కును అవి తగ్గించవు. లాంచెస్టర్ అమరిక సరిచేసేది నిలువు కుదుపునే. పందెం కార్లకు ఇంజను కట్టేవారు బ్యాలెన్సర్ షాఫ్టులను తీసి పక్కన పెట్టడం మామూలే. వాళ్లకు వణుకు కంటే ఆ రాపిడి నష్టమే ఎక్కువ అనిపిస్తుంది.

క్రాస్ ప్లేన్: వీ8 నుంచి అరువు వచ్చిన ఆకారం

పిన్నులను 90 డిగ్రీల తేడాతో పెట్టే ఆకారం కొత్తది కాదు. 1914లో వచ్చిన కాడిలాక్ వీ8కు ఫ్లాట్ క్రాంకే ఉండేది. దాని వణుకు తగ్గించడానికి ఆ సంస్థ 1923లో వీ-63 కారుతో క్రాస్ ప్లేన్ క్రాంకు తెచ్చింది. అమెరికా వీ8 అంటే అప్పటి నుంచి ఈ క్రాంకే గుర్తుకొస్తుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. 90 డిగ్రీల వీ8లో ఒక్కో పిన్నుకు రెండేసి రాడ్లు ఉంటాయి. అందుచేత ద్వితీయ బలం పోతుంది, మిగిలిన ప్రాథమిక మెలిని క్రాంకు మీది కౌంటర్ వెయిట్లే పూర్తిగా సరిచేస్తాయి, పైగా ప్రతి 90 డిగ్రీలకు ఒక మంట చొప్పున సమానంగా వస్తుంది. వీ8కు ఈ ఆకారం మంటల సమానత్వం చెడకుండానే శాంతాన్నిచ్చింది. అదే ఆకారాన్ని వరుస నాలుగుకు తెస్తే లాభంలో కొంతే వెంట వస్తుంది. ద్వితీయ బలం పోవడం నిజమే. మంటల సమానత్వం మాత్రం పోతుంది, ఇంజనును ఊపే మెలి కొత్తగా వచ్చి చేరుతుంది.

లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. పిన్నులు వరుసగా 0, 90, 270, 180 డిగ్రీల దగ్గర ఉంటే ద్వితీయ బలం సున్నా, ద్వితీయ మెలి కూడా సున్నా. ప్రాథమిక మెలి మాత్రం ఒక పిస్టన్ బలాన్ని సిలిండర్ల మధ్య దూరంతో గుణించి, దాన్ని మళ్లీ 3.16తో గుణించినంత. మూడు సిలిండర్ల ఇంజనులో ఈ గుణకం 1.73 మాత్రమే. అంటే మూడు సిలిండర్ల ఇంజను కారును ఊపుతుందని ఫిర్యాదు చేసేవారికి క్రాస్ ప్లేన్ నాలుగు దానికి దాదాపు రెట్టింపు మెలి చూపిస్తుంది. పిన్నుల వరుసను 0, 180, 90, 270గా మారిస్తే ప్రాథమిక మెలి గుణకం 1.41కి దిగుతుంది, కానీ అప్పుడు సున్నాగా ఉన్న ద్వితీయ మెలి పెద్దదై కూర్చుంటుంది. మొదటి వరుసకున్న సుగుణం ఏమిటంటే మిగిలేది ఒకే రకం మెలి. సగం కౌంటర్ వెయిట్లతో, మిగతా సగం క్రాంకు వేగంతోనే ఎదురు తిరిగే ఒక్క బ్యాలెన్సర్ షాఫ్టుతో పోతుంది. యమహా తన ఆర్1 మోటారు సైకిలులో చేసింది ఇదే.

పందేల సాక్ష్యం ఎంతవరకు

1992లో హోండా తన ఎన్‌ఎస్‌ఆర్500 పందెపు బండిలో నాలుగు సిలిండర్ల మంటలనూ దాదాపు 70 డిగ్రీల లోపు కుదించింది. బిగ్ బ్యాంగ్ అన్న పేరు అక్కడే స్థిరపడింది. మంటకూ మంటకూ మధ్య దొరికే విరామంలో వెనక టైరు మళ్లీ పట్టు తెచ్చుకుంటుందన్నది అప్పటి వివరణ. 2004లో యమహా వైజెడ్‌ఆర్-ఎం1లో క్రాస్ ప్లేన్ వాడి, వాలెంటినో రోస్సీతో ఆ ఏడాది ప్రపంచ టైటిల్ గెలిచింది. దాని వెనకున్న ఇంజనీరు మసావ్ ఫురుసావా వివరణ వేరు. 90 డిగ్రీల తేడాతో ఉన్న పిస్టన్లలో రెండు ఆగుతున్నప్పుడు రెండు పూర్తి వేగంలో ఉంటాయి. శక్తి వాటి మధ్యే చేతులు మారుతుంది, జడత్వ టార్కు దాదాపు మాయమవుతుంది, యాక్సిలరేటర్ తిప్పిన చేతికి మంట టార్కు ఒక్కటే స్వచ్ఛంగా అందుతుంది. 2009లో ఇదే క్రాంకు వైజెడ్‌ఎఫ్-ఆర్1తో మామూలు కొనుగోలుదారు దాకా వచ్చింది.

రెండు వివరణల్లో ఫురుసావాది బలమైనది, ఎందుకంటే అది లెక్కకు నిలుస్తుంది. టైరు విశ్రాంతి సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం హోండా శిబిరం నుంచే వచ్చింది. 1997లో హోండా రైడరు మిక్ డూహన్ సమాన విరామాల పాత ఇంజనుకు తిరిగి వెళ్లి, ఆ ఏడాది 15 పందేల్లో 12 గెలిచాడు. యమహా విజయాన్ని కూడా పూర్తిగా క్రాంకు ఖాతాలో వేయలేం. అదే ఏడాది ఆ ఇంజను సిలిండర్‌కు ఐదు వాల్వుల నుంచి నాలుగుకు మారింది, రైడరూ మారాడు. మూడు మార్పులు ఒకేసారి జరిగినచోట ఒక్కదాని వాటా ఎంతో పందెం ఫలితం చెప్పదు.

రెండు సిలిండర్ల బండ్ల అనుభవాన్ని నాలుగు సిలిండర్లకు సాక్ష్యంగా చూపడం కూడా తరచూ జరుగుతుంది. చెన్నైలో తయారై 2018లో అమ్మకానికి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండ్లకు 270 డిగ్రీల క్రాంకు ఉంది. వాటి శబ్దాన్నీ నడకనూ మెచ్చుకునేవారు తక్కువేం లేరు. కానీ రెండు సిలిండర్లలో ఏ కోణం పెట్టినా ఏదో ఒక లోటు ఉంటుంది. 270 డిగ్రీలు ద్వితీయ బలాన్ని తీసేసే మంచి రాజీ. నాలుగు సిలిండర్లకు సమాన మంటలతో పాటు ప్రాథమిక సమతుల్యం ముందే ఉంది. వదులుకోవలసినది అక్కడే ఎక్కువ.

ఎదురు దిశలో జరిగిన ప్రయాణాలు కూడా లెక్కలోకి రావాలి. బ్యూక్ 90 డిగ్రీల వీ6 మొదట అసమాన మంటలతో 1960ల ఆరంభంలో వచ్చింది. 1977లో ఆ సంస్థే పిన్నులను చీల్చి, కోణం మార్చి, మంటలను సమానం చేసింది. 2015లో ఫోర్డ్ షెల్బీ జీటీ350 కోసం, తర్వాత షెవర్లే కార్వెట్ జెడ్06 కోసం వీ8లో క్రాస్ ప్లేన్‌ను వదిలి ఫ్లాట్ క్రాంకుకు వచ్చారు. తేలికైన షాఫ్టు, ఎక్కువ వేగం, సులువైన ఎగ్జాస్టు కోసం వణుకును భరించడానికి సిద్ధపడ్డారు. ఏ క్రాంకూ అన్ని ఇంజన్లకూ మేలైనది కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

కారులో బిగిస్తే మారేవి

బోరు పెంచడం, స్ట్రోకు పెంచిన క్రాంకు వేయడం వంటి మార్పుల్లో మిగతా ఇంజను చాలావరకు అలాగే ఉంటుంది. కోణం మారితే అలా కుదరదు. 0, 90, 270, 180 క్రాంకులో మంటలు 1-3-2-4 వరుసలో, 270, 180, 90, 180 డిగ్రీల విరామాలతో వస్తాయి. పాత 1-3-4-2 వరుసతో పోలిస్తే మూడో సిలిండర్ క్యామ్ లోబులు 45 డిగ్రీలు ఒకవైపు, రెండోదానివి 45 డిగ్రీలు మరోవైపు, నాలుగోదానివి ఏకంగా 90 డిగ్రీలు జరగాలి. పాత క్యామ్‌ను సానబెట్టి ఇది సాధించడం కుదరదు. కొత్త షాఫ్టు చెక్కాల్సిందే.

ఇగ్నిషన్ సంగతి ఇంకా చిక్కు. చాలా పెట్రోల్ ఇంజన్లలో ఒకటి-నాలుగు సిలిండర్లకు ఒక కాయిల్, రెండు-మూడింటికి ఒక కాయిల్ ఉంటుంది. జంటలో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి వస్తాయన్న నమ్మకం మీద అది నడుస్తుంది. క్రాస్ ప్లేన్‌లో ఏ రెండు పిస్టన్లూ కలిసి పైకి రావు. సిలిండర్‌కో కాయిల్, క్యామ్ స్థానం చెప్పే సెన్సర్, అసమాన విరామాలను అంగీకరించే ఈసీయూ కావాలి. పాత డిస్ట్రిబ్యూటర్ మూతలో తీగల కొమ్ములు 90 డిగ్రీలకొకటి ఉంటాయి. కొత్త వరుసకు 135, 90, 45, 90 కావాలి.

రోటరీ పంపున్న పాత డీజిల్ బండ్లలో దారి ఇక్కడితో మూసుకుపోతుంది. రోటరీ పంపులో ఒక్క ప్లంజర్ నాలుగు లోబుల క్యామ్ ప్లేటు మీద ఆడుతూ, సమాన విరామాల్లో నాలుగు నాజిళ్లకూ ఇంధనం పంచుతుంది. దాన్ని 45 డిగ్రీల విరామానికి తేవడం ఆ పంపు నిర్మాణంలోనే లేదు. కామన్ రైలు ఇంజన్లలో ఇంజెక్టర్లను కరెంటు తెరుస్తుంది కాబట్టి సూత్రరీత్యా సాధ్యమే. కానీ సాఫ్టువేరు మొత్తం మార్చాలి. సిలిండర్ మంట తప్పిందా లేదా అని క్రాంకు వేగంలోని హెచ్చుతగ్గులను బట్టి పసిగట్టే వ్యవస్థకు సమానంగా లేని మంటలన్నీ తప్పిన మంటల్లాగే కనిపిస్తాయి.

ఎగ్జాస్టులోనూ నష్టముంది. మామూలు ఇంజనులో ఒకటి-నాలుగు, రెండు-మూడు జంటల మంటలు 360 డిగ్రీల దూరంలో ఉంటాయి కాబట్టి ట్విన్ స్క్రోల్ టర్బోకు అవి చక్కగా కుదురుతాయి. క్రాస్ ప్లేన్‌లో ఏ జంట తీసుకున్నా 360 దొరకదు; మేలైన జంటకు 270, 450 విరామాలు వస్తాయి.

షాఫ్టు తయారీ మరో అడ్డంకి. ఉన్న క్రాంకును కోసి, తిప్పి, వెల్డింగు చేయడం ప్రాణాంతకమైన పని. అతుకు దగ్గరే లోహం అలసి విరుగుతుంది. సరైన పద్ధతి ఈఎన్24 వంటి ఉక్కు దిమ్మ నుంచి మొత్తం షాఫ్టును చెక్కి, ఆయిలు రంధ్రాలు తొలిచి, జర్నళ్ల మూలల్లో సరైన వంపు ఉంచి, గ్రైండింగు, నైట్రైడింగు చేయడం. బ్లాకు కూడా అందుకు తగినదై ఉండాలి. అంబాసిడర్‌లోని 1,489 సీసీ బీఎంసీ ఇంజనుకు మూడే మెయిన్ బేరింగులు. ప్రతి పిన్నుకు రెండు పక్కలా ఆధారం లేని అలాంటి బ్లాకులో క్రాస్ ప్లేన్ మెలిని మోయమనడం అన్యాయం.

ఆత్మకూరు, ఉదయగిరి దారులు అడిగేది

ఏ క్రాంకు మేలన్న ప్రశ్నకు జవాబు బండి తిరిగే వేగాన్ని బట్టి మారుతుంది. చర్చలో ఎక్కువగా జారిపోయేది ఇదే. ఉదాహరణకు నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా వెలిగొండలు దాటి బద్వేలుకు పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద గానీ, వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి దుర్గం కిందికి చేరే దారిలో గానీ నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు బండి పని లోడుతో, తక్కువ చుట్లతో, ఎండలో నడిచే పని. నిమిషానికి 1,800 చుట్ల దగ్గర, పైన చెప్పిన ఇంజనులోనే, ద్వితీయ కుదుపు 10,200 న్యూటన్ల నుంచి 920కి పడిపోతుంది. టన్ను కాస్తా 94 కిలోలైంది. క్రాస్ ప్లేన్ తీసేసే లోటు ఇక్కడ అంతంతమాత్రం.

అది తెచ్చే లోటు మాత్రం సరిగ్గా ఇక్కడే పెద్దదవుతుంది. 800 చుట్ల ఐడిలింగులో మామూలు ఇంజనుకు 37.5 మిల్లీసెకన్లకో మంట. క్రాస్ ప్లేన్‌లో పెద్ద విరామం 56 మిల్లీసెకన్లు. మామూలు ఇంజను టార్కు లయ సెకనుకు 26.7 సార్లు తిరుగుతుంది. అసమాన ఇంజనులో మొత్తం వరుస సెకనుకు 6.7 సార్లే పునరావృతమవుతుంది. ఇంజను తన మౌంటింగుల మీద సహజంగా ఊగే లయకు ఇది దగ్గర. గేరుబాక్సు గలగల, క్లచ్ స్ప్రింగుల అలసట, ఎక్కుడులో తక్కువ గేరుకు ముందే దిగాల్సి రావడం దాని ఫలితాలు. బరువైన ఫ్లైవీల్ వేస్తే కొంత కుదురుతుంది. అప్పుడు పికప్ తగ్గుతుంది. మోటారు సైకిలు రైడరు చేతికి అందే స్వచ్ఛత, నాలుగు టైర్ల మీద, ఫ్లైవీల్, డ్యాంపరు, డిఫరెన్షియల్ దాటుకుని వచ్చే కారులో ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న.

ఇలాంటి ఊళ్ల షెడ్లలో క్రాంకు పని అంటే అరిగిన జర్నళ్లను పావు, అర మిల్లీమీటరు తగ్గించి గ్రైండింగు చేయించడం, దానికి తగిన బేరింగులు వేయడం. ఆ పనిలోనే రాడ్లు, పిస్టన్ల బరువులను గ్రాముల తేడా లేకుండా సరిపోల్చి, క్రాంకును ఫ్లైవీల్, క్లచ్ ప్లేటుతో కలిపి బ్యాలెన్సు చేయిస్తే, ఈ వేగాల్లో కొత్త కోణం ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ నెమ్మదితనం వస్తుంది. ఈ మాట కొత్త ఆకారాన్ని తక్కువ చేయడానికి కాదు. ట్రాక్ మీద 7,000 చుట్లు దాటి తిరిగే తేలికపాటి కారుకు ఇదే లెక్క తలకిందులవుతుంది.

పిస్టన్ నడకనే మార్చే దారి

కోణం మార్చకుండా, ద్వితీయ బలానికి మూలమైన పిస్టన్ అసమాన నడకనే సరిచేయాలన్నది మరో ఆలోచన. నిస్సాన్ 2018లో ఇన్ఫినిటీ క్యూఎక్స్50లో తెచ్చిన రెండు లీటర్ల వీసీ టర్బో ఇంజనులో రాడ్డుకూ క్రాంకుకూ మధ్య లింకులున్నాయి. కంప్రెషన్‌ను 8 నుంచి 14 దాకా మార్చడం వాటి ప్రధాన ఉద్దేశం. పిస్టన్ నడక సమంగా మారి ద్వితీయ కుదుపు తగ్గడంతో బ్యాలెన్సర్ షాఫ్టులు అక్కర్లేకపోవడం దానితో వచ్చిన లాభం. సిద్ధాంతంలో ఇది అన్నింటికంటే అందమైన పరిష్కారం. అయితే బేరింగులు పెరిగాయి. 2025లో అమెరికాలో బేరింగు లోపాల వల్ల ఈ కుటుంబపు ఇంజన్లున్న నాలుగు లక్షలకు పైగా బండ్లను సంస్థ వెనక్కి పిలిచింది.

చిన్న కార్ల తయారీదారులు మాత్రం ప్రశ్ననే పక్కకు నెట్టి, నాలుగో సిలిండర్‌ను తీసేశారు. 1983 నాటి మారుతి 800 నుంచి ఇప్పటి టాటా నెక్సాన్ పెట్రోల్ దాకా మూడు సిలిండర్లే.

తేలనివి

చట్టం దగ్గర ఒక ముడి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కఠినంగానే వ్యాఖ్యానించింది. ఆర్‌సీలో సిలిండర్ల సంఖ్య, ఘనపరిమాణం ఉంటాయి. క్రాంకు కోణం ఉండదు. స్ట్రోకు మారకుండా కోణం ఒక్కటే మారితే కాగితం మీద ఏదీ మారదు. కానీ ఉద్గారాల ఆమోదం పొందినది పాత మంటల వరుస, పాత ఈసీయూతో. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్6 బండ్లలో ఈ తేడాను తేలిగ్గా తీసుకోలేం. పాత బండికీ కొత్త బండికీ ఇక్కడ ఒకే జవాబు ఉండకపోవచ్చు.

సాంకేతికంగా రెండు విషయాలు తెరిచే ఉన్నాయి. జడత్వ టార్కు పోవడం వల్ల కారు టైరు పట్టు నిజంగా మెరుగవుతుందా అన్నది ఒకటి. ఒకే బ్లాకు, ఒకే హెడ్డు, ఒకే గేరింగు పెట్టి, క్రాంకూ దాని వెంట తప్పనిసరిగా వచ్చే క్యామూ మాత్రమే మార్చి, ఒకే ట్రాక్ మీద కొలిస్తే తప్ప అది తేలదు. మోటారు సైకిళ్ల విషయంలోనే పందేలు అలాంటి కొలతను ఇవ్వలేదు.

రెండోది హైబ్రిడ్ల నుంచి వచ్చింది. 2022లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు విద్యుత్ మోటార్లు తోడున్నాయి. మంట లేని 270 డిగ్రీల విరామంలో మోటారు టార్కును నింపగలిగితే, మంట దగ్గరపడిన 90 డిగ్రీల్లో కొంత వెనక్కి తీసుకోగలిగితే, తక్కువ చుట్లలో క్రాస్ ప్లేన్‌కున్న ప్రధాన అభ్యంతరం తొలగుతుంది. అదే మోటారు ఫ్లాట్ క్రాంకు జడత్వ టార్కునూ సరిచేయగలిగితే, కోణం మార్చాల్సిన అవసరమే తగ్గిపోతుందన్న వాదనకూ అంతే బలం ఉంది.